సెలూన్‌లో కెమెరా

నురగ పూసిన చెంప మీద కత్తి ఆనించి సెలూన్ పెద్దాయన ఒక్క క్షణం ఆగాడు. వేళ్లు వణుకుతున్నాయి. ఊపిరి బిగబట్టి చెవి కింద నుంచి గడ్డం దాకా లాగాడు. ఎక్కడా తెగలేదు. ఇవాళ గడిస్తే చాలు. సాయంత్రం బండికి కూతురి దగ్గరికి వెళ్లిపోతున్నాడు, రేపటి నుంచి షాపు మేనల్లుడిది.

కుర్చీలో ఉన్నది బట్టల కొట్టాయన. ఒకప్పుడు ఇక్కడ కూర్చుంటే ప్రభుత్వాన్ని పడగొట్టి, మళ్లీ నిలబెట్టేదాకా లేచేవాడు కాదు. ఇప్పుడు బెల్లం కొట్టిన రాయిలా ఉన్నాడు. అద్దం పైన మేకుకి వేలాడే కెమెరా చూడటమే కాదు, వింటుంది కూడా. దాని తీగ పోలీసు స్టేషన్ దాకా వెళ్తుంది.

మార్కెట్లో బాంబు పేలాక వచ్చిందది. ప్రతి షాపులో పెట్టాలా వద్దా అని వర్తక సంఘం అడిగితే, మొదట చెయ్యెత్తినవాడు పెద్దాయనే. పక్క టీ కొట్టామె ఆ పేలుడులో పోయింది. ఏడుస్తూ ఎత్తాడు, ఆయన్ను చూసి అందరూ ఎత్తారు. నెల తిరక్కుండానే, ఇక్కడ ధరల మీద నోరు పారేసుకున్నందుకు చెప్పులు కుట్టే అతన్ని స్టేషన్లో రెండు రోజులు కూర్చోబెట్టారు. అప్పట్నుంచి సెలూన్లో కత్తెర చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇంతమంది నోళ్లకి తానే తాళం వేశానన్న బాధ ఆయన్ను లోలోపల తినేస్తోంది. ఆ తాళం తియ్యకుండా బండెక్కడం ఆయన వల్ల కాదు.

సాయంత్రం ఆయన కోరిక మీదే సంఘం సెలూన్లో కూర్చుంది. కెమెరా సంగతి మళ్లీ తేల్చాలి.

"ఆ బాంబుకే మా ఆవిడ కాలు పోయింది బాబాయ్" అన్నాడు బట్టల కొట్టాయన. "ఇది తీసేస్తే రేపు ఇంకెవరి ఇల్లు కూలుతుందో?"

"తీసెయ్యమనట్లేదురా నాయనా. బాంబు వీధిలోంచి వచ్చింది, నా కుర్చీలోంచి కాదుగా. వీధినే చూడమను. ఇన్నేళ్లు నీ గొంతు మీద కత్తి పెడితే హాయిగా కళ్లు మూసుకునేవాడివి. ఇప్పుడు రెప్ప వాల్చకుండా కెమెరానే చూస్తున్నావు. నాకు తల కొట్టేసినట్టుంది."

పెద్దాయన అద్దం ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఆ రోజు ముందు ఎత్తింది నేనే. ఇవాళా నేనే ఎత్తుతున్నా. గుమ్మం బయట ఉండనీ, మాటలు మాత్రం వినకూడదు."

వణికే చెయ్యి గాల్లోకి లేచింది. చెప్పులు కుట్టే అతను ఎత్తాడు. ఆ వెనక ఒక్కొక్కరే. అందరికంటే చివర బట్టల కొట్టాయన ఎత్తాడు.

"సరే బాబాయ్. కళ్లుంచి చెవులు కోసేద్దాం!"

సెలూన్ గొల్లున నవ్వింది. పెద్దాయన స్టూలెక్కి, జుట్టు కత్తిరించే కత్తెరతోనే మైకు తీగ పట్టుకున్నాడు. తీగ పుటుక్కున తెగింది. మేనల్లుడు కెమెరాని గుమ్మం పైన వీధికేసి బిగించాడు.

చెప్పులు కుట్టే అతను ధరలతో మొదలెట్టాడు. బట్టల కొట్టాయన కుర్చీ ఎక్కి ప్రభుత్వాన్ని పడగొట్టాడు. ఇద్దరు ముగ్గురు దాన్ని నిలబెట్టబోయారు. గోల వీధి మలుపు దాకా వినిపిస్తోంది. పెద్దాయనకి కడుపు నిండిపోయింది. యుద్ధం గెలిచినవాడిలా నిటారుగా నిలబడి ఆ గోలంతా చెవులారా విన్నాడు.

ఆయన సంచీ తీసుకుని ఎప్పుడు గుమ్మం దాటాడో ఎవరూ గమనించలేదు. అద్దం పైన ఖాళీ అయిన మేకుకి ఆయన భుజం మీది తువ్వాలు వేలాడుతోంది, ఇంకా తడి ఆరలేదు.