అయిదంగుళాల మంచు

మా బళ్లో నాతోపాటు పాఠాలు చెప్పే గోర్డన్ హౌగెన్‌కి అంతా తీరుగా ఉండాలన్న పిచ్చి. సుద్దముక్కల్ని కూడా పొడుగు వరసన పేర్చుకునే మనిషి. ఆ వారమంతా ఒకటే గొప్పలు: గడ్డకట్టిన చెరువు మీద కూర్చుని చేపలు పట్టడానికి కొత్త గుడిసె కట్టాడట, శనివారం ట్రక్కుతో ఆ మంచు మీదికి లాగుతాడట. విని విని నా చెవులు చిల్లులు పడ్డాయి.

అయినా పనిమంతుడే. నాలుగో తరగతి పిల్లల కోసం మేమిద్దరం సొంతంగా ఒక వెబ్ పేజీ తయారుచేశాం. పేజీ నిండా మా చెరువు పటం. శని ఆదివారాల్లో ఇంట్లోవాళ్లతో చేపలకు వెళ్లిన పిల్లలు గడ్డకట్టిన మంచుకు చిల్లు వేసి, మందం అంగుళాల్లో కొలిచి, సోమవారం ఆ చోట అంకె ఎక్కిస్తారు. కొని తెచ్చే పాఠాల్లో మా చెరువెక్కడుంటుంది? ఆ మాటే మా విద్యాధికారిణితో అంటే, శుక్రవారం వచ్చి చూస్తానంది. నచ్చకపోతే కొన్న పాఠాలే గతి.

గురువారం బడి వదిలే వేళ హౌగెన్ తెర ముందు కూర్చుని మొహం చిట్లించాడు.

"ఇదేంటి లవోన్? చెరువంతా పదిహేనూ పదహారూ ఉంటే ఈ కొన దగ్గర అయిదేంటి? ఎవరి నిర్వాకం?"

"సిగ్రిడ్‌ది," అన్నాను.

"ఓహో, పెంగ్విన్ పిల్లా! ఇంకేం, తీసేస్తున్నా. పాలల్లో ఈగ పడ్డట్టుంది."

ఆకులు రాలే కాలంలో మా పక్షుల పేజీలో, చెరువు మీద పెంగ్విన్‌ని చూశానని రాసిందా పిల్ల. అప్పట్నించీ ఆ పేరు వదల్లేదు.

"తీసెయ్యకండి సార్!"

సిగ్రిడ్ గుమ్మంలోనే నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో!

"పెంగ్విన్‌ని కూడా కొలిచావా తల్లీ?" అన్నాడు హౌగెన్.

పిల్ల మొహం కందగడ్డయింది. "అది ఊరికే రాశా. ఇది కొలిచి రాశా. మీరు తీసేస్తే నేనింక దేన్నీ కొలవను."

నాకు ఒళ్లు మండింది. "కోటు తొడుక్కో గోర్డన్. చెరువేమైనా చంద్రమండలంలో ఉందా? వెళ్లి చూద్దాం."

"రేపావిడ వస్తుంటే ఇప్పుడా?"

"రేపావిడ అడిగితే ఏం చెప్తావ్? అంకె అందంగా లేదని తీసేశానంటావా? నడు, నడు."

నిజం చెప్పొద్దూ, నాకు కోపం కంటే కుతూహలమే ఎక్కువగా ఉంది. ఒకే చెరువు, ఒకే చలి. ఒక్కచోట అయిదెందుకుంటుంది?

సిగ్రిడ్ వాళ్ల నాయనమ్మకి ఫోన్‌లో చెప్పి బయల్దేరాం. హౌగెన్ డ్రిల్లు భుజాన వేసుకుని, ముందు నడుస్తూ, ఆగి ఆగి చిల్లు వేస్తున్నాడు. పదహారు. పదిహేను. "చూశారా!" అని మా వైపు మీసం మెలేశాడు. కాస్త ముందుకెళితే పది. మీసం మీది చెయ్యి దిగింది. కొన దగ్గర డ్రిల్లు పెట్టీపెట్టగానే నీళ్లు ఉబికాయి. కొలకర్ర దించి చూశాడు. తుడుచుకుని మళ్లీ దించాడు.

అయిదు.

చిల్లులోకి తొంగిచూస్తే కింద నీళ్లు మెల్లగా కదులుతున్నాయి.

"ఇక్కడే ఎందుకిలా సార్?" సిగ్రిడ్ మోకాళ్ల మీద వంగింది.

"తెలీదమ్మా." ఇన్నేళ్లలో అతని నోట ఆ మాట వినడం అదే మొదలు. నా వైపు తిరిగాడు. "లవోన్, శనివారం నేను ట్రక్కు తెద్దామనుకుంది ఇక్కడికే."

అయిదంగుళాలు మనిషిని మోస్తాయి, ట్రక్కుని మింగేస్తాయి. మా ఊళ్లో ఎవర్నడిగినా చెప్తారు. ముగ్గురం వచ్చిన అడుగుల్లోనే వెనక్కి నడిచాం. దారంతా హౌగెన్ ఆ పిల్ల చెయ్యి వదల్లేదు.

శుక్రవారం విద్యాధికారిణి క్లాసులో పిల్లల మధ్య కూర్చుని పటమంతా చూసి, సరిగ్గా ఆ అంకె మీదే వేలు పెట్టింది. "ఇదేదో పొరపాటున పడినట్టుంది. సరిచేసుకోలేదా?"

"పొరపాటు కాదండీ. నిన్న దాని మీద నిలబడి వచ్చాను," అన్నాడు హౌగెన్. "సిగ్రిడ్ కొలవకపోతే రేపు దాని కిందుండేవాణ్ణి."

ఆవిడ కుర్చీ ముందుకు లాక్కుంది. "అక్కడే ఎందుకలా?"

హౌగెన్ సిగ్రిడ్ వైపు చూశాడు. ఆ పిల్ల లేచి నిలబడింది.

"ఇంకా తెలీదండీ. కొలుస్తున్నాం."