బాలెంత మంచం కింది కుంపటి

నేను ఒక కుంపటిని. కుంపటంటే ఏమిటని ఇప్పటి పిల్లలు అడుగుతారు, విడమరిచి చెప్పే ఓపిక నాకు లేదు. ఒక పాత ఇనుప బకెట్, లోపల మట్టి పూత, నడుమ నాలుగు చువ్వలు, కింద బూడిద లాగడానికి ఒక కంత. ఇంతే నా రూపం. ఇంట్లో పెళ్లీడు పిల్ల ఉంటే చాలు, 'గుండెల మీద కుంపటి' అంటూ నా పేరు వాడుకుంటారు. నేను ఏనాడూ ఎవరి గుండెల మీదా ఎక్కి కూర్చోలేదు. నన్ను పెట్టింది ఎప్పుడూ నేల మీదే.

బకెట్‌గా ఉన్నప్పుడు నీళ్లు మోశాను, పేడ మోశాను. అడుగు చిల్లి పడ్డాక ఆదిలాబాద్ అంగడిలో ఒకామె ఊక కలిపిన మట్టితో నన్ను ఇలా మార్చింది. తర్వాత బస్టాండు దగ్గర మక్కకంకులు కాల్చే ఆమె చేతికి వచ్చాను. అట్టముక్కతో ఊపి ఊపి నా ఆయుష్షంతా అక్కడే తీసింది. కొనే ఉద్దేశం లేనివాళ్లు కూడా 'కంకి లేతదేనా?' అని బేరమాడుతూ చేతులు కాచుకుని పోయేవాళ్లు. ఎండ, వాన, దుమ్ము అన్నీ నా నెత్తి మీదే. విసుగ్గానే ఉండేది. కానీ పైన ఆకాశం ఉండేది, నా నుంచి వచ్చేదంతా గాలిలో కలిసిపోయేది. దాని విలువ అప్పట్లో నాకు తెలియలేదు.

కంకులామెకు చూపు మందగించి పని మానేసినప్పుడు భూదవ్వ నన్ను తెచ్చుకుంది. భూదవ్వది జైనథ్ వైపు పల్లె. కూతురు సరూపను పురిటికి పుట్టింటికి తీసుకుపోవాల్సింది, కానీ వానలకు భూదవ్వ ఇంటి గోడ కూలింది. అందుకని తనే మూట కట్టుకుని కూతురి అద్దె గదికి వచ్చేసింది. ఆడపిల్ల పుట్టింది. పుట్టిన వేళ మంచిదే, వచ్చిన చలే చెడ్డది.

ఆ గది సంగతి చెప్పాలి. రేకుల కప్పు. రేకులకూ గోడకూ మధ్య చెయ్యి పట్టేంత సందు. కిటికీ రెక్క ఒకటి మూస్తే ఇంకొకటి తెరుచుకుంటుంది. తలుపు కింద నుంచి పిల్లి వచ్చి పోతుంది. ఇల్లుగలామె సరూబాయి ముందు భాగంలోనే ఉంటుంది. బాగు చేయించమని అడిగితే ఆమె దగ్గర జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది.

"రేకుల ఇల్లన్నంక గాలి రాదా? పుట్టినకాంచి గీ ఇంట్లనే ఉంటున్న, సచ్చిన్నా?"

పైగా గోడకు మేకు కొట్టకూడదని ఆమె ఆజ్ఞ. సరూప భర్త అడెల్లు పత్తి జిన్నింగ్ మిల్లులో పనివాడు, నోట్లో నాలుక లేని మనిషి. బదులు చెప్పడు గానీ చేతులు ఊరుకోవు. మిల్లులో ఊడ్చి పారేసే దూది సంచిలో నింపుకొచ్చి కిటికీ పగుళ్లన్నింట్లో కుక్కాడు. రేకుల కింది సందులో గోనె సంచులు మడిచి దూర్చాడు. సరూప పాత చీరను గొట్టంలా కుట్టించి, ఇసుక నింపి తలుపు కింద అడ్డం పెట్టాడు. తలుపుకు లోపల బొంత వేలాడదీశాడు. మేకు లేదు కదా, తలుపు పైభాగంలో ఇరికించాడు. దమ్మిడీ ఖర్చు లేకుండా గది గదంతా మూసుకుపోయింది.

"అత్తా, ఇగ సూడు. చీమ గూడ దూరది."

భూదవ్వ మురిసిపోయింది. అల్లుడు బంగారమని వీధంతా చెప్పుకుంది. ఆ తర్వాత తన వంతు పని తాను చేయాలనుకుంది. బాలెంత నులక మంచం కింద కుంపటి పెట్టడం వాళ్ల ఆనవాయితీ. నడుముకు కాక తగలాలి, ఒంట్లో నీరు లాగాలి, పసిగుడ్డుకు చలి సోకకూడదు.

"పచ్చి బాలెంతవు బిడ్డా. మీ ముగ్గురిని నేను గిట్లనే సాదిన," అంది.

నిజమే, సాకింది. ఆమెది గూనపెంకల ఇల్లు. పెంకల సందుల్లోంచి పొగ పోయేది, గాలి పోయేది, చుక్కలు కూడా కనిపించేవి. ఆ సందులే ఆమె పిల్లలను కాపాడాయని ఆమెకు ఎవరు చెబుతారు? అల్లుడు ప్రేమతో సందులు మూశాడు, అత్త ప్రేమతో నిప్పు పెట్టింది. ఒక్కొక్కటిగా చూస్తే రెండూ మంచి పనులే.

ఆ పొద్దున భూదవ్వ నన్ను వాకిట్లో రాజేసింది. బొగ్గు ఎర్రబడి, పొగంతా పోయేదాకా ఓపికగా కూర్చుంది. పొగ లేకపోతే భయం లేదని ఆమె లెక్క. నిప్పు నిగనిగలాడాక మంచం కిందికి తోసింది, పిల్లకు నీళ్లు పోసి తల్లి పక్కన పడుకోబెట్టింది, తలుపు వేసి, ఇసుక గొట్టం బయట నుంచి అడ్డం పెట్టి బట్టలు ఉతకడానికి పంపు దగ్గరికి పోయింది. అడెల్లు మిల్లుకు పోయాడు.

గది ఎంత వెచ్చగా అయిందో! సరూప "అబ్బ, పానం నిమ్మలమైంది" అనుకుంటూ కళ్లు మూసింది. కాసేపటికి తల పట్టుకుంది. లేవబోయి మళ్లీ వాలిపోయింది. పిల్ల కాళ్లాడించడం మానేసింది. పొగ పోయినా నా బొగ్గు నుంచి కంటికి కనిపించని పాడు గాలి ఒకటి వస్తూనే ఉంటుంది. బస్టాండులో అది ఆకాశానికి పోయేది. ఇక్కడ దానికి పోవడానికి దారి లేదు. అరవడానికి నాకు నోరు లేదు, ఆరిపోవడం నా చేతిలో లేదు. దేవుడా, నన్ను బకెట్‌గానే ఎందుకు ఉంచలేదురా అని ఏడ్చాను.

అప్పుడు సరూబాయి వచ్చింది. మంచి చేయడానికేం రాలేదు, తిట్టడానికి వచ్చింది. కిటికీ పగుళ్లలోంచి దూది పీచులు బయటికి వేలాడటం ఆమె కంటపడింది.

"ఓ భూదవ్వా! నా కిటికీల దూది కుక్కుమని ఎవలు జెప్పిన్రు? కట్టె నాని ఉబ్బుతే మీ తాత జేపిస్తడా?"

తిడుతూనే బయట నుంచి దూది పీకడం మొదలుపెట్టింది. లోపలి నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఆమెకు ఒళ్లు మండింది. ఇసుక గొట్టాన్ని కాలితో తన్ని, తలుపు తోసి, బొంతను ఊడబెరికి లోపలికి వచ్చింది.

"ఏం నిద్రనే నీది సరూపా! సరూపా... ఓసి పోరీ!"

ఆ తర్వాత ఆమె చేసినవి నాకు ఇప్పటికీ అర్థం కావు. కొంగుతో నా పిడి పట్టి వాకిట్లోకి విసిరింది. పిల్లను ఒక చేత్తో, సరూపను ఒక చేత్తో బయటికి లాగింది. "ఉరుకుండ్రి! పోరి లేస్తలేదు!" అని వీధి అదిరేలా అరిచింది. ఆటో వచ్చింది. నేను వాకిట్లో బోర్లా పడి, నా నిప్పు దుమ్ములో ఆరిపోతుంటే, ఆ పిల్ల ఏడుపు కోసం చెవులు రిక్కించుకుని ఉన్నాను. వినిపించలేదు.

సాయంత్రానికి ఇద్దరూ ఇంటికి వచ్చారు, ముందు పిల్ల ఏడుపు విని నాకు తెలిసింది. బస్టాండులో విసుగనిపించిన గాలే ఆ రోజు హాయిగా అనిపించింది. ఆసుపత్రిలో నర్సమ్మ గట్టిగా కోప్పడిందట. "పొగ లేకుంటే ఏందమ్మా? తలుపులు పెట్టి కుంపటి పెడ్తరా? జెరంత ఆలస్యమైతే ఇద్దరు దక్కకపోదురు." అడెల్లు ఈ మాట వీధిలో చెబుతూ చెబుతూ ఏడ్చేశాడు. సరూబాయి మాత్రం తన చీర కొంగు కాలిందనే అందరికీ చెప్పుకుంది. కిటికీ ఇప్పటికీ బాగు చేయించలేదు.

అడెల్లు రేకుల కింది గోనె సంచి ఒకటి తీసేశాడు, మిగతావి అలాగే ఉంచాడు. నన్ను వాకిట్లోనే ఉంచారు. నా మీద నీళ్లు కాగుతాయి. వాటిని సీసాల్లో పోసి, పాత గుడ్డ చుట్టి, బాలెంత నడుము దగ్గర పెడతారు. వెచ్చదనానికి వెచ్చదనం, ప్రాణానికి భయం లేదు. ఇంత తేలిక ఉపాయం ముందే తోచి ఉండొచ్చు, మనుషుల తెలివి ఎప్పుడూ కాస్త ఆలస్యంగానే వస్తుంది.

అన్నీ కుదుటపడ్డాయి, భూదవ్వ తప్ప. ఆ రోజు నుంచి ఆమె మనవరాలిని ముట్టలేదు. పిల్లకు నీళ్లు పోసే పని పక్కింటామెకు అప్పజెప్పి, తను పొద్దంతా నా ఎదురుగా వాకిట్లో, గడపను ఆనుకుని కూర్చుంటుంది. పాత ఇనుప సామాన్లవాడు వస్తే నన్ను ఎత్తుకుపొమ్మంది. "దాన్నిస్తే నీళ్లు దేని మీద కాగవెడ్తవ్?" అని సరూప లోపలి నుంచి అడ్డం పడింది. లేకపోతే ఈపాటికి నేను ఏ కొలిమిలోనో ఉండేదాన్ని. ఉంటే బాగుండేదని కూడా అనుకున్నాను, అంత అలసిపోయాను.

ఇవాళ పొద్దున సరూప తలకు గుడ్డ చుట్టుకుని, పిల్లను ఎత్తుకుని గడప దగ్గరికి వచ్చింది. బాలెంత గడప దాటకూడదు గనుక అక్కడే నిలబడింది.

"అమ్మా, పిల్లను పట్టుకో."

"నా చేతులు మసి బిడ్డా."

"కడుక్కో."

"అది కడుగుతె పోయే మసి గాదు సరూపా," అని భూదవ్వ తల దించుకుంది. "నా చేతుల్తోనే సంపుకుందును."

"నీ చేతులకేమైంది? నన్నెత్తిన చేతులే గద," అంది సరూప. ఇంకేమీ అనకుండా వంగి, పిల్లను తల్లి ఒడిలో పెట్టేసింది.

భూదవ్వ చేతులు వెనక్కి తీసుకోబోయింది. పిల్ల ఆమె వేలు పట్టుకుంది. ముసలిదాని ఏడుపు అప్పుడు బయటికి వచ్చింది, ఇన్నాళ్లూ ఎక్కడ దాచుకుందో. ఏడుస్తూనే పిల్లను కొంగులో చుట్టుకుంది. ఒక్కసారి నా వైపు చూసి, చటుక్కున అటు తిరిగి కూర్చుంది, నాకూ పిల్లకూ నడుమ తన వీపు అడ్డం పెట్టి.

అలాగే కూర్చో భూదవ్వా. ఆ వీపు కాచడానికి చాలినంత నిప్పు నా దగ్గర ఇంకా ఉంది.