తెప్ప నీళ్లలో ఉండగా

“ఇంకొక బానెడు ఉప్పుచేప కూడా పెట్టేసి పోమే. నువ్వెప్పుడొస్తావో ఏమో, అందాకా మాకు కూడు గడవాల గదా!” అంది అత్త కామాక్షమ్మ, గడపలో కూర్చుని వల చిక్కులు తీస్తూ.

అంకాలమ్మ ఆ మాటకు నొచ్చుకోలేదు. నొచ్చుకోవడానికి తీరికేదీ? ఆపరేషనుకు నెల్లూరు పెద్దాసుపత్రికి పోయేలోగా ఇంట్లో కుండలన్నీ నింపాలి. వేలెడంత నెత్తళ్ళ చేపలు పాత వల మీద పరిచి గలగలలాడేదాకా ఎండబెట్టింది. పొడుగాటి సావడాయ చేపలు దండేనికి వేలాడదీసింది. కానాగంతలు చీల్చి, ఉప్పు దట్టించి బానలో పేర్చింది. ఎండుచేపల గంపతో కొడవలూరు పక్క పల్లెలకు పోయి, చేపకు వడ్లు మార్చుకొచ్చి, దంచి, చెరిగి కుండలకెత్తింది. మిరపకాయలు దంచింది. చింతపండు గింజ తీసి, ఉప్పు కలిపి ముద్దలు చేసింది. రోకలి పైకి లేచినప్పుడల్లా రొమ్ముల కింద నిప్పుకణిక పెట్టినట్టుండేది. ఒక చెయ్యి అక్కడ అదుముకుని రెండో చేత్తో దంచేది. తాను తిరిగి రాకపోయినా ఇంట్లోవాళ్ళకు లోటు రాకూడదన్నట్టు పనిచేస్తోందని పాళెంలో అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకోవడానికి పోయేదేముంది! రోకలి పట్టుకోవడానికి మాత్రం ఒక్కరూ రాలేదు.

ఆ నొప్పి పాతది. మైపాడు పక్కనున్న ఆ చేపల పాళెంలో ఆడవాళ్ళకొక కట్టుబాటు ఉంది. తెప్ప నీళ్లలో ఉండగా ఇంటి ఆడది మెతుకు ముట్టకూడదు. మగవాళ్ళు కోడి కూయకముందే తెప్ప తోసుకుని పోతారు. గాలి బాగుంటే మధ్యాహ్నానికి వస్తారు, లేకుంటే పొద్దువాలాక. వచ్చాక మాత్రం ఏమిటి? చేపలు దించాలి, ఏరాలి, ఉప్పు వెయ్యాలి, మగవాళ్ళకు వడ్డించాలి. ఆ తర్వాత కుండ అడుగున మిగిలింది తన వంతు. పెళ్ళయి వచ్చిన మర్నాటినుంచి అంకాలమ్మది ఒంటిపూట తిండే. మొదట్లో కడుపు కాలేది, తర్వాత మండేది, ఆ తర్వాత ముద్ద ఎత్తాలంటేనే భయం వేసేది. “ఆకలికి ఓర్చుకోలేకుంటే ఇంకేం ఆడదానివిమే?” అనేది అత్త. అన్నట్టే ఆమె కూడా ఓర్చుకునేది, ఆ మాట ఒప్పుకోవాలి. ముసలితనంలో కూడా కొడుకు తెప్ప ఒడ్డుకు తగిలేదాకా ఆమె మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టదు.

ఒకరోజు ఒడ్డున చేపలు ఏరుతూ ఏరుతూ అంకాలమ్మ నెత్తురు కక్కుకుంది. మొగుడు పోలేరయ్య పరుగెత్తుకొచ్చి అడిగిన మొదటి మాట, “గంపలో పడిందా?” అని. పడలేదు. పక్కకు తిరిగి ఇసకలోనే కక్కింది. అంత నెత్తురు పోతున్నప్పుడు కూడా చేపలు పాడవకూడదన్న ఆలోచన ఆమెకు దానంతటదే వచ్చింది. ఆ తర్వాత అతనే ఆమెను బస్సెక్కించి ఆసుపత్రిలో చూపించాడు. చెడ్డవాడేం కాదు. ఆడవాళ్ళకూ ఒక కడుపుంటుందని, అది కూడా కాలుతుందని అతనికి ఎవరూ చెప్పలేదు, అంతే. డాక్టరు చూసి, కడుపులో పుండు పడిందని, కొయ్యక తప్పదని చెప్పి, ఎప్పుడు రావాలో చెప్పి పంపాడు. ఆ రోజు వచ్చేలోగా నిండిన కుండలే ఇవన్నీ.

ఆసుపత్రిలో పుండుపడ్డ మేరకు కడుపు కోసి తీసేసి, మిగిలింది కుట్టేశారు. తెలివి వచ్చాక చాలా రోజులు నర్సు ఎలిశబెతు చెంచాతో పాలు పోసింది. తన నోటికి ఇంకొకరు అందించడం అంకాలమ్మకు కొత్త. సిగ్గుతో చచ్చిపోయేది. ఇంటికి పంపే ముందు ఎలిశబెతు మంచం పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పింది.

“చూడమ్మా, నీ కడుపిప్పుడు పసిబిడ్డ కడుపంత ఉంది. ఒక్కసారే పళ్ళెం నిండా తిన్నావంటే నిలవదు. తినకుండా మాడినావంటే పుండు మళ్ళీ లేస్తుంది. ఈసారి కొయ్యడానికి కూడా ఏమీ మిగల్లేదు. పొద్దున లేవంగానే కాస్త జావ, ఎండెక్కినాక ఒక గుడ్డు, మళ్ళీ కాసేపటికి మెత్తటన్నంలో మజ్జిగ. అట్లా కొంచెం కొంచెం, పొద్దస్తమానం తింటూనే ఉండాలి. కారం, పులుపు, ఉప్పుచేప జోలికి పోవద్దు. ఇంట్లో అన్నీ అమర్చుకునే వచ్చినావా?”

“అన్నీ పెట్టే వచ్చినానమ్మా,” అంది అంకాలమ్మ గబుక్కున. అనేసి, మనసులోనే ఇల్లంతా తిరిగి ఒక్కొక్క కుండ మూతా తీసి చూసుకుంది. ఉప్పుచేప. ఎండు నెత్తళ్ళు. కారం. చింతపండు. ముతక బియ్యం. ఇల్లు నిండుగా ఉంది, తాను తినగలిగింది మాత్రం అందులో పిడికెడు లేదు. ఎవరో తనకు లేకుండా చేసింది కాదు. తన చేతులతో తానే నింపింది. మొగుడికేది ఇష్టమో, కొడుకు చెంచయ్య ఏది అడుగుతాడో, అత్త పళ్ళకు ఏది నలుగుతుందో తలుచుకుని తలుచుకుని నింపింది. కడుపు కోయించుకుని తిరిగొచ్చే మనిషి ఏం తింటుందో ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి కూడా తట్టలేదు. తన ఇంట్లో తాను ఇన్నేళ్ళూ ఎక్కడుంది? కుట్లు లాగుతున్నా ఆపుకోలేక ఏడ్చింది. నొప్పి కాబోలనుకుని ఎలిశబెతు మాత్ర తేవడానికి లేచింది.

ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున్నే కాస్త జావ కాచుకుందామని పొయ్యి ముందు కూర్చుంది.

“తెప్ప నీళ్లలో ఉండాదిమే,” అంది అత్త.

“డాక్టరు తినమన్నాడత్తా. తినకుంటే మళ్ళా పుండు లేస్తదంట.”

“ఆ డాక్టరు యాడికి పోతాడు, కుర్చీలో కూర్చోనుంటాడు. ఆయన పెళ్ళాం ఎన్నిసార్లు తింటే ఏమి? మన మగోళ్ళు నీళ్ల మీద ఉండారు.”

సాయంత్రం ఈ సంగతి పోలేరయ్య ముందుకు వచ్చింది. అతను కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. “నా గురించి కాదుమే,” అన్నాడు మెత్తగా. “ఈ ఏడు చెంచుగాడు కూడా నాతో తెప్పెక్కతా ఉండాడు. వాడికేమన్నా అయితే ఏడ్చేది నువ్వే గదా. కాస్త ఓర్చుకో.” మీసమైనా మొలవని కొడుకు. వాడి పేరెత్తితే ఏ తల్లి తింటుంది? ఓర్చుకుంది. మగవాళ్ళు వచ్చాక ఆత్రంగా తినేది, తిన్నదంతా దిబ్బ మీద కక్కుకునేది. నడుస్తుంటే కాళ్ళు తేలిపోయేవి. ఒకనాడు నీళ్ళకు పోతూ సరుగుడు తోపు దగ్గర కడవతో సహా కూలబడింది.

లేపి కూర్చోబెట్టింది పేరమ్మ. తోపు పక్కన ఒంటరి గుడిసె ఆమెది. ఆమె మొగుడు సముద్రంలో పోయి చాలా ఏళ్ళయింది. ఆ రోజు తెప్ప రాకముందే పేరమ్మ తిన్నదట, అందుకే పోయాడట. పాళేనికి కొత్త కోడలు వస్తే ముందుగా చెప్పేది ఆ కథే. పేరమ్మ ఇంటి నిప్పు ఎవరూ అడగరు, ఆమెను శుభకార్యానికి ఎవరూ పిలవరు. ఎదురుచూడాల్సిన మనిషి లేదు గనక ఆమె పొయ్యి మాత్రం పొద్దున్నే వెలిగేది.

“నాతోపాటు ఇంత గంజి తాగిపో అమ్మే, చచ్చేట్టున్నావు,” అంది పేరమ్మ. అంకాలమ్మ తాగింది. అది లోపల నిలిచింది.

అప్పటినుంచి నీళ్ళకని, పుల్లలకని వంకపెట్టి తోపు వైపు వచ్చేది. తలుపు దగ్గరికేసి నాలుగు ముద్దలు తిని, మూతి తుడుచుకుని పోయేది. పోనుపోను ఆ గుడిసెలో ఆమెకొక మూల ఏర్పడింది. ముంతలో రాగిపిండి, కుండలో సన్నబియ్యం నూక, ఇంత బెల్లం, ఉట్టి మీద గుడ్లు. పుట్టి బుద్ధెరిగాక తన కోసం తాను దాచుకున్న తిండి అదే, అదీ దొంగసొమ్ములా ఇంకొకరి ఇంట్లో. ఒళ్ళు నిలదొక్కుకుంది. “చూసినారా, పెద్దోళ్ళ మాట వినింది, మేలయింది,” అని అత్త నలుగురిలో చెప్పుకుంది. అంకాలమ్మ తల వంచుకుని విన్నది. కడుపుకు హాయిగానే ఉండేది, మనసుకే లేదు. తిన్నందుకు శిక్ష కొడుకు మీద పడుతుందేమోనని, తెప్ప కనబడేదాకా రోజూ గుండె అరచేత పట్టుకుని నిలబడేది.

కార్తీకంలో ఒకరోజు ఉన్నట్టుండి గాలి తిరిగింది. అప్పటికే తెప్పలు కనుచూపు దాటిపోయాయి. ఆడవాళ్ళందరూ ఇళ్ళు వదిలి ఒడ్డుకు చేరారు. మధ్యాహ్నం దాటినా ఒక్క తెప్పా రాలేదు. ఆ రోజు పొద్దుగూకేలోగా తెప్పలన్నీ క్షేమంగా ఒడ్డెక్కాయి గానీ, ఇసకలో కూర్చున్నవాళ్ళకు ఆ సంగతి అప్పటికి తెలియదు. పొద్దుటినుంచి ఏమీ తినని అంకాలమ్మకు కళ్ళు చీకట్లు కమ్మాయి. లేచి, తూలుకుంటూ తోపు దగ్గరికి పోయింది. పేరమ్మ నూకన్నంలో మజ్జిగ పోసి గిన్నె చేతికిచ్చింది. ముద్ద నోటిదాకా లేవలేదు.

“అక్కా,” అంది అంకాలమ్మ. ఇన్నాళ్ళూ ఆమె ఇంట్లో తింటూ కూడా అడగలేకపోయిన మాట అది. “ఆయన పొయిన పొద్దు నువ్వేం తిన్నావు?”

పేరమ్మ పొయ్యిలో పుల్ల లోపలికి తోసింది. “ఏం తినలా.”

“ఏమీనా?”

“మెతుకు ముట్టలా. ఆ పొద్దే కాదు, తెప్ప చెక్క ఒడ్డుకు కొట్టుకొచ్చిందాకా దినాల తరబడి ఆ ఇసకలోనే కూర్చోనున్నా. నాకప్పుడు కడుపులో బిడ్డ. ఆ బిడ్డా నిలవలా.”

“మరి చెప్పలేదా అక్కా, ఎవురికీ?”

“చెప్పకేం? ఎంతమందికి చెప్పినా! తినకుంటే మరెందుకు పొయినాడు అన్నారు. నేను తిన్నానంటేనే వాళ్ళకు ధైర్యం అమ్మే. మేం తినలా గదా, మావోళ్ళొస్తారు అనుకోవచ్చు. చెప్పీ చెప్పీ మానుకున్నా.”

అంకాలమ్మకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. తన కడుపులోంచి కోసి తీసేసిన ముక్క, ఈమె కడుపులో నిలవని బిడ్డ, ఇవన్నీ ధారపోసి ఎవరిని కాపాడుకున్నట్టు? ఒడ్డున ఎవరు తిన్నారో ఎవరు మాడారో సముద్రానికి తెలుసా? తెలిస్తే, మాడిన పేరమ్మ మొగుడిని ఎందుకు మింగింది? ఇన్నేళ్ళుగా ఒకామె అబద్ధపు నింద మోస్తే, ఆ నింద నీడలో పాళెమంతా నిబ్బరంగా కూర్చుంది. తనూ కూర్చుంది. గిన్నె పట్టుకుని లేచింది.

“ఈడ్నే తినిపో, ఎవురన్నా చూస్తారు,” అంది పేరమ్మ.

“చూడనీ అక్కా.”

ఒడ్డుకు వచ్చి, అందరి మధ్యా అత్త పక్కన ఇసకలో కూర్చుని, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. ఎదురుగా కూర్చున్నవాళ్ళకు ఒక క్షణం అర్థం కాలేదు. తర్వాత ఎవరో కెవ్వున అరిచారు.

“ఉమ్మెయ్యి!” అత్త ఆమె రెక్క పట్టుకుని ఊపింది. “నీ కొడుకు నీళ్లలో ఉండాడే పాపిష్టిదానా! పేరమ్మను చూసి కూడా బుద్ధి రాలేదా నీకు?”

“పేరక్క తినలా అత్తా,” అంది అంకాలమ్మ, అందరికీ వినబడేట్టు. “ఆ పొద్దు మెతుకు ముట్టలా. కడుపుతో ఉండి కూడా ముట్టలా. అయినా ఆయన రాలా.”

ఆడవాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. అత్త పెదవులు ఎండిపోయి తెల్లగా ఉన్నాయి. ఆమె కూడా పొద్దుటినుంచి ఏమీ తినలేదు. ఆమె గొంతులో తిట్టు పోయి ఏడుపు వచ్చింది.

“చెంచుగాడు రాకుంటే? రాకుంటే ఏం చేస్తావే?”

అంకాలమ్మ చేతిలో గిన్నె ఒరిగి మజ్జిగ చీర మీద ఒలికింది. కళ్ళనిండా నీళ్ళతో సముద్రం వైపు చూసింది. అలలు తప్ప ఏమీ లేవు.

“రాకుంటే చచ్చిందాకా ఏడస్తా అత్తా. నేను తిన్నందుకు రాలేదని మాత్రం అనుకోను,” అని ఇంకో ముద్ద కలుపుకుంది.