చేప ఊరిది

కేరళ తీరంలో ఉప్పునీరు ఎక్కే పల్లపు నేలల్ని పొక్కాళి చేలంటారు. వాటిలో వానాకాలం వరి వేస్తారు. నీరు ఉప్పెక్కాక రొయ్యలు వదులుతారు. ఏప్రిల్‌లో వచ్చే విషు పండగతో రొయ్యల గడువు తీరుతుంది. ఆ తర్వాత చేలో మిగిలిన చేప ఎవరు పట్టుకుంటే వారిది. అలా తన చేలో చేపలకు దిగిన చక్కిని కిందటేడు భార్గవ మేనోన్ దొంగ అని పోలీసులకు పట్టించాడు. ఆయన వరి మానేసి ఏడాది పొడవునా రొయ్యలే పెంచుతున్నాడు. గడువన్నదే లేదన్నాడు. స్టేషన్ నుంచి వచ్చాక చక్కి ఎవరింటి పెళ్లికీ వెళ్లలేదు.

ఆ మేనోన్ రాసిన నవలకే ఈ ఏడాది బహుమతి వచ్చింది. కథ చచ్చిపోతున్న వరిచేల గురించి. విషు మర్నాడు ఊరి గ్రంథాలయంలో చర్చ పెట్టి, కొచ్చి కాలేజీలో సాహిత్యం చెప్పే ప్రసీదను మాట్లాడమన్నారు. ప్రసీద చక్కి కూతురు. మళ్లీ ఆయన జోలికెందుకే అని తల్లి బతిమాలింది. బుట్ట తెచ్చుకో అని మాత్రం ప్రసీద చెప్పింది. పక్కింటి ఓమన చేత మిగతా ఆడవాళ్లకూ కబురు పెట్టింది.

సభలో ఆమె నెమ్మదిగా మొదలుపెట్టింది. మనుషుల్ని పక్కన పెట్టి, నీటి వెంట నడుస్తూ ఈ నవల చదివానంది. ఉప్పునీరు వచ్చింది, వరి పోయింది, అందరూ ఏడ్చారు. ఆ నీటిని చేలలోకి వదిలే తూము తాళం ఎవరి దగ్గరుందో మాత్రం ఏ పేజీలోనూ లేదంది. వేదిక మీద మేనోన్ నవ్వు తగ్గించాడు. ఆమె అందరూ మెచ్చుకున్న పేజీ తీసి చదివింది. అందులో విషు దాటాక తాత గట్టు మీద నిలబడి, చేను నాది, చేప ఊరిది అంటాడు. జనం చప్పట్లు కొట్టారు.

"ఇది కల్పనా సార్?"

మేనోన్ మైకు అందుకున్నాడు. "కల్పనేంటమ్మా, మా తాత నోటి మాటే. మా ఇంట్లో ఇప్పటికీ అదే ధర్మం."

వెనక వరుసలో ఆడవాళ్లు కుర్చీల కింద నుంచి బుట్టలు తీశారు.

"సారే చెప్పాక ఇంకా కూర్చుంటారేమే," అంది ఓమన. "చేపలు ముసలివైపోతాయి."

మేనోన్ ముందు వరుసలోని ఎస్సై వైపు చూశాడు. ఎస్సై ఫోన్ చూసుకుంటున్నాడు.

మేనోన్ చేను గట్టు దాకా ఊరంతా నడిచింది. మేనోనూ నడవక తప్పలేదు. ఆడవాళ్లు దిగబోతుంటే ప్రసీద ఆపింది. ముందు అమ్మ దిగాలంది. చక్కి బుట్ట చంకన పెట్టుకుని మేనోన్ ఎదుట నిలబడింది.

"దొంగ అన్న నోటితోనే దిగమనండి."

"దిగు," అన్నాడాయన, నీటి వైపు చూస్తూ.

"వెనకున్న వాళ్లకు వినబడలేదు."

ఆయన మళ్లీ అన్నాడు, గట్టిగా. చక్కి కట్టుకున్న ముండు పంచెను మోకాళ్ల పైకి చెక్కుకుని నీళ్లలోకి దిగింది.