‘ప’తో మొదలయ్యే పేరు

నా పేరు ఎలియాస్. నిజానికి తాతయ్య పేరు తిబుర్సియో పెట్టాలి. జ్ఞానస్నానం రోజున ఫాదర్ "బిడ్డకి ఏం పేరు?" అని అడిగితే జవాబు తండ్రే చెప్పాలి. మా నాన్నకి ‘త’ దగ్గర నత్తి అడ్డుపడింది. చర్చి నిండా జనం. గాభరాలో నోటికి తేలిగ్గా వచ్చిన ఎలియాస్ అనేశాడు. నాలుగేళ్ళు తాతయ్య ఆయనతో మాట్లాడలేదు. ఈ కథ మా ఊరు అయకూచోలో అందరికీ తెలుసు, మా ఇంట్లో మాత్రం ఎవరూ ఎత్తరు.

ఆ నత్తి నాకూ వచ్చింది. ‘ప’ నా శత్రువు. రొట్టె కావాలంటే మా భాషలో ‘పాన్’ అనాలి. అనలేక ఇరవై ఏళ్ళు బిస్కెట్లే తిన్నాను. ఇప్పుడు నాకు కూతురు పుట్టింది. చనిపోయిన మా అత్తగారి పేరు పెడతానని నా భార్య లుస్మీలాకి మాటిచ్చాను. ఆవిడ పేరు పెత్రొనీలా. దేవుడికి నా మీద ఏం కోపమో!

ఆరోగ్య కేంద్రంలో మాట నేర్పే నొయెమీ టీచరు దగ్గరికి ఆర్నెల్లు తిరిగాను. "పెదాలు బిగించకు. ముందు గాలి వదులు. ఇరుక్కుంటే ఇంకో మాటలోకి దూకకు, అక్కడే నిలబడు," అనేది. రోజూ మా గినీ పందులకి గడ్డి వేస్తూ సాధన చేశాను. పిల్లకంటే ముందు ఆ పేరు వాటికే అలవాటైంది.

పాప జ్ఞానస్నానం ఆదివారం, చర్చి మెట్ల మీద నాన్న నా చెవిలో, "అ... అనా అని వేరే పేరు చెప్పెయ్‌రా. గండం గడిచిపోతుంది," అన్నాడు.

ఒళ్ళు మండింది. "నీలాగానా?" అన్నాను. ఆయన తల దించుకున్నాడు. అన్నాక నాకే సిగ్గేసింది.

లోపల ఫాదర్ అడిగాడు. "బిడ్డకి ఏం పేరు?"

పెదాలు అతుక్కుపోయాయి. మా మరదలు అందించబోతే లుస్మీలా గిల్లింది. ‘అనా’ నాలుక చివరే ఉంది. గాలి వదిలాను. "ప... ప... పె..." అక్కడే నిలబడ్డాను. ఫాదర్ నీళ్ళగిన్నె పట్టుకుని తొందరేం లేదన్నట్టు చూశాడు.

"పె... పెత్రొనీలా."

సాఫీగా రాలేదు. కానీ ఆ పేరే వచ్చింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర నాన్న నా వైపు చెయ్యి చాచాడు. "తి... తి..." అందరూ తినడం ఆపేశారు. ఆయన ఆగలేదు, మాట మార్చలేదు.

"తి... తిబుర్సియో, ఆ మి... మిరపకారం ఇలా ఇయ్యిరా."

నా పేరు ముప్పై మూడేళ్ళకి వచ్చింది. గిన్నె అందిస్తుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కారం ఘాటని అందరికీ చెప్పాను.