నాయనమ్మ నేర్పిన ఆట

రెబ్కా కెవ్వున అరిచేసరికి కల్లంలో ఆడకూలీలందరూ తలలెత్తారు. ఆమె ఒళ్లో పాలు తాగుతున్న పసిదాని చెయ్యి పిల్లవాడు బుడే నోట్లో ఉంది. వాడి నాయనమ్మ రహిమున్నీసా ఏరుతున్న మిరపకాయలు వదిలేసి పరుగెత్తింది. మనవడి బుగ్గలు రెండూ గట్టిగా నొక్కితే గానీ వాడు పట్టు విడవలేదు. పసిదాని ముంజేతి మీద పళ్ల గాట్లు ఎర్రగా తేలాయి.

"ఏం పుట్టింది పెద్దమ్మా నీ మనవడికి? నిన్న కర్రతో కొట్టాడు, ఇయ్యాల కొరికాడు. రేపేం చేస్తాడో!" అంది రెబ్కా ఏడుపు గొంతుతో.

మేస్త్రీ ఆదెయ్య నీడపట్టున కూర్చునే తీర్పు చెప్పేశాడు. "కొరికే నోటికి కాస్త కారం రాయి, చచ్చినట్టు మానుకుంటాడు. మొక్కై వంగనిది మానై వంగుద్దా? లేదంటే వాణ్ణి ఇంటికాడే వదిలేసి రా. పన్నెండణాలిస్తే నాకు కూలోళ్లకేం కొదవా?"

నయాపైసలు వచ్చి ఏడాది దాటినా ఆ కల్లంలో ఇంకా అణాల లెక్కే నడుస్తోంది. ఆ పన్నెండణాలూ పోతే పొయ్యిలో పిల్లి లేవదు. ఇక పిల్లవాణ్ణి ఇంట్లో ఎవరికి అప్పగించాలి? కన్నతల్లిని ఆ ఇంట్లోంచి వెళ్లగొట్టింది తామే కదా.

కారం రాయాల్సిన పని లేకపోయింది. పొద్దుటినుంచి మిరపకాయలు ఏరిన చేతులవి. అవి తగిలిన బుగ్గలు భగ్గుమని, మూడేళ్లయినా నిండని ఆ పిల్లవాడు గిలగిల్లాడిపోయాడు. రహిమున్నీసా కుండలో నీళ్లు వాడి ముఖాన గుమ్మరించి, కొంగుతో అద్దింది.

వాడు పుట్టుకతో ఇలాంటివాడు కాదు.

కొడుకు సుభానీ కోపంలో తలాక్ అని మూడు మాటలూ అనేసి నజీరాను పుట్టింటికి తోలేశాడు. పోయే కోడలు ఊరుకోకుండా, "కొడుకుని మనిషిగా పెంచలేకపోయావత్తా" అని వీధిలో నిలబడి ఒక్క మాట అంది. ఆ మాట ముల్లులా గుచ్చుకుంది, నిజం కాబట్టి. ఆ కసి రహిమున్నీసా ఎవరి మీద తీర్చుకుంది? పసివాడి మీద. గడపలో కూర్చోబెట్టుకుని "అమ్మేదీ?" అనేది. వాడు అటూ ఇటూ చూసేవాడు. "కొట్టు!" అనేది. వాడు చిట్టి చెయ్యెత్తి గుంజను కొట్టేవాడు. కొన్నాళ్లకు "అమ్మేదీ?" అంటే చాలు, చెయ్యి లేచేది. ఇరుగుపొరుగు పడీపడీ నవ్వేవాళ్లు, చేతిలో బెల్లం ముక్క పెట్టేవాళ్లు. ఎవరికీ తప్పని తోచలేదు.

పిల్లవాడి కోసం నజీరా పెద్దల దగ్గరికొచ్చిన రోజున, ఆమె చేతులు చాపగానే, రహిమున్నీసా వెనకనుంచి మెల్లగా "అమ్మేదీ?" అంది. నోరుజారి కాదు, కావాలనే అంది. వాడు తల్లి చెంప మీద ఛెళ్లున కొట్టాడు.

"పిల్లోడే తల్లిని వద్దంటన్నాడు, ఇంక మనమేం చెప్తాం?" అన్నారు మసీదు పెద్ద మాబు సాహెబ్. నజీరా చెంప పట్టుకుని వెళ్లిపోయింది. వాడు మాత్రం నవ్వు కోసం, బెల్లం కోసం అందరి ముఖాలూ చూస్తూ నిలబడ్డాడు. అప్పటినుంచే ఈ కొట్టడాలూ, కొరకడాలూ.

ఏడుస్తూ నడిచిన బుడే తట్ట తగిలి బోర్లా పడ్డాడు. "తట్ట కొట్టిందా నాన్నా? దాన్ని కొడదాం!" అలవాటుగా నోటికొచ్చింది రహిమున్నీసాకు. వాడు తట్ట వంక చూడనైనా లేదు. "అమ్మేదీ?" అని తానే అడిగి, తానే నేలను కొట్టాడు. కొట్టి బాట వైపు చూశాడు. మళ్లీ "అమ్మేదీ?" అన్నాడు, మళ్లీ కొట్టాడు, మళ్లీ బాట వైపే చూశాడు.

వాణ్ణి లేవనెత్తబోయిన ముసలిది ఆగిపోయింది. కొడితే అమ్మ వస్తుందనుకుంటున్నాడు వెర్రినాగన్న! ఇన్నాళ్లూ అందర్నీ కొట్టి వీడు అడుగుతున్నది తల్లినే. తన చేతులతో తానే పసివాడి నోట్లో మన్ను కొట్టింది.

అప్పుడే సుభానీ వచ్చాడు. "అమ్మా, నజీరా మళ్లీ వచ్చింది. మసీదు అరుగుమీద పెద్దలు కూర్చున్నారు. ఇయ్యాల్టితో తెగ్గొడతామన్నారు. వాణ్ణి తీసుకుని రా. మొన్నటి మాదిరే ఆ ఒక్కమాట అను, చాలు."

ఆమె మనవణ్ణి నడిపించుకుంటూ వెళ్లింది.

అరుగు కింద మెట్టు మీద నజీరా కూర్చుని ఉంది. ఈసారి చేతులు చాపలేదు. చాపడానికి భయం.

"ఊఁ, అడుగు రహిమున్నీసా, పిల్లోణ్ణి" అన్నారు మాబు సాహెబ్.

"నేనడగను సాయిబుగారూ."

"అదేందే?"

"ఆ దెబ్బ వాడిది కాదు, నాది. బెల్లం పెట్టి మరీ నేర్పా. ఆ రోజు దాని చెంప పగలగొట్టింది నేనే." చేసిన పాపం చెబితే పోతుందంటారు. ఆమెకు పోయినట్టేమీ అనిపించలేదు.

ఎవరూ ఏమీ అనకముందే బుడే ఆమె వేలు వదిలించుకుని వెళ్లి నజీరా చెంప మీద కొట్టాడు. "చూశారా!" అన్నాడు సుభానీ. నజీరా ముఖం తిప్పుకోలేదు. వాడు ఇంకోసారి కొట్టాడు. ఆ తర్వాత ఆమె ఒళ్లోకి ఎక్కి, మెడలో ముఖం దూర్చి, జుట్టు గుప్పిట పట్టుకున్నాడు.

"అమ్మా, వాణ్ణి ఇట్టా లాక్కురా!" అని గద్దించాడు సుభానీ.

"నా చేతులు కారంరా."

"కడుక్కుని రా!"

"కడుక్కున్నా తేను. నేను తేను, నిన్నూ తేనియ్యను."

సుభానీ అరుగు దిగాడు. రహిమున్నీసా వెళ్లి కోడలికి ముందు, ఆ మెట్టుకు అడ్డంగా కూర్చుంది. మండుతున్న చేతులు రెండూ కొంగులో చుట్టుకుని, కొడుకు ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది.