అలకాయి కొండమీద ఆఖరి జంట

దీవి నడుమ అలకాయి కొండమీద మిగిలిన అకికికి పిట్టల జంటను పట్టి కిందికి తెచ్చేయాలని పక్షుల సంరక్షణ ఆఫీసులో నిర్ణయించిన రోజున, అక్కడ పనిచేసే ఇయోనా తిన్నగా అక్క ఇంటికి వెళ్లాడు. హలియాకా వాకిట్లో కూర్చుని ఉడికిన చేమదుంపలు దంచుతోంది. తమ్ముడి మొహం చూసి చేతిలో రాయి పక్కన పెట్టింది.

“రెండే మిగిలాయక్కా. ఎండలు ముదిరి దోమలు కొండ పైకంటా ఎక్కేస్తున్నాయి. ఒక్కటి కుట్టినా వచ్చే జ్వరానికి పిట్ట బతకదు. పంజరంలో పెట్టి కాపాడాలంటున్నారు.”

“గూడు కట్టాయా?”

“కట్టాయి. గుడ్లు కూడా పెట్టాయి.”

“మరి పొదిగేదాన్ని పట్టుకొస్తావేంట్రా? మన తాతలూ పిట్టల్ని పట్టారు. రాజుల అంగీలకని నాలుగు ఈకలు తీసుకుని వదిలేసేవాళ్లు. నువ్వు పడితే ఇక వదలవుగా.”

“దీని బూడిదరంగు ఈకలు ఏ రాజు అడిగాడులే.”

“రాజు అడక్కపోతే మనకి చుట్టం కాకుండా పోతుందా? లోకం పుట్టుక పాటలో పిట్టల తర్వాతే కదా మనుషులొచ్చింది. అవి మనకి పెద్దలు. పిల్లలు ఎగిరేదాకా ఆగు.”

ఆ అడవిలో అతని కంటే ఎక్కువ తిరిగినవాళ్లు లేరు. ఆగితే ఏమవుతుందో అతనికి తెలుసు. అయినా ఆ పిట్టల కూత లేని అడవిని తలుచుకోవడానికి మనసు ఒప్పలేదు. పిల్లలు ఎగిరాక తెద్దామని ఆఫీసులో వాదించాడు. అతని మాట మీద గురితో సరేనన్నారు.

వానలు తెరిపిచ్చాక ఇయోనా మళ్లీ కొండెక్కాడు. ఓహియా చెట్టు కొమ్మ మీద మగపిట్ట పురుగును నోట కరుచుకుని గూటి చుట్టూ తిరుగుతోంది. గూట్లో గుడ్లు చల్లబడి ఉన్నాయి. ఆడపిట్ట చెట్టు కింద నాచులో పడి ఉంది. అరచేతిలోకి తీసుకుంటే బరువే తెలియలేదు.

ఆ పూటే మగపిట్టను వలలో పట్టి, గుడ్డ కప్పిన పెట్టెలో గుండెకు ఆనించుకుని దిగాడు. దారిపొడవునా అది లోపల కొట్టుకుంటూనే ఉంది.

ఆ సంగతి వెళ్లి హలియాకాతో చెప్పాడు.

“ఆగమన్నది నేనేగా,” అంది.

“నువ్వు తెలియక అన్నావు. నేను తెలిసీ ఆగాను.”

మర్నాడు ఆమె పిట్టను చూడటానికి ఆఫీసుకు వచ్చింది. పిట్ట పంజరానికి కట్టిన దోమతెర బయట నిలబడి పుట్టుక పాట ఎత్తుకుంది. ఎన్నో పెళ్లిళ్లలో, చావుల్లో తడబడకుండా పాడిన మనిషి, పిట్టల పేర్ల దగ్గరికి వచ్చేసరికి పాట ఆపేసింది. బల్ల మీద కూలబడింది.

“మళ్లీ అడవికి వెళ్తుందా?”

“దోమల్ని అదుపు చేయగలిగితే వెళ్తుంది. దీని ఆయుష్షులో ఆ పని అయ్యేలా లేదక్కా.”

ఆమె కళ్లు తుడుచుకుంది. “నా దగ్గర పాట నేర్చుకునే పిల్లల్ని తీసుకొస్తాన్రా. దీని కూత ఇక్కడైనా వింటారు.”

ఇయోనా తలూపాడు. కొండ దిగినప్పటినుంచీ అది ఒక్కసారి కూడా కూయలేదని ఆమెతో చెప్పలేకపోయాడు.